ఫ్రెడరిక్ లాంచెస్టర్

ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ (అక్టోబరు 23, 1868 – మార్చి 8, 1946) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ ఇంజనీరు, ఆవిష్కర్త, శాస్త్రజ్ఞుడు. మోటారు వాహనాల నిర్మాణంలోను, వాయుగతిశాస్త్రంలోను, యుద్ధవ్యూహాలకు గణితాన్ని అన్వయించడంలోను ఇతడు చేసిన కృషి చిరస్మరణీయమైనది. హెన్రీ రాయిస్, హ్యారీ రికార్డోలతో పాటు బ్రిటిషు మోటారు ఇంజనీరింగు మూలపురుషులలో ఒకడుగా ఇతనిని పరిగణిస్తారు. నేడు కార్లలో సర్వసాధారణమైన డిస్కు బ్రేకుకు 1902లో పేటెంటు పొందినది ఇతడే. అయితే డిస్కును ఒత్తి ఆపవలసిన ప్యాడుకు తగిన పదార్థం ఆనాడు లభించలేదు. అందువలన ఆ ఆవిష్కరణ సుమారు అర్ధ శతాబ్దం పాటు మరుగున పడి, ఇతని మరణానంతరం మాత్రమే సార్థకమైంది.

బాల్యం, కుటుంబం

లాంచెస్టర్ లండన్ నగరంలోని లూయిషాంలో జన్మించాడు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ భవన శిల్పి. తల్లి ఆక్టేవియా లాటిను, గణితం బోధించేది. ఎనిమిది మంది సంతానంలో ఇతడు నాలుగవవాడు. ఇతని పసితనంలోనే, 1870లో, కుటుంబం దక్షిణ సముద్రతీరంలోని బ్రైటన్ ప్రాంతానికి తరలివెళ్ళింది.

ఇతని తోబుట్టువులలో పలువురు ప్రసిద్ధులైనారు. అన్న హెన్రీ వాన్ లాంచెస్టర్ పేరుపొందిన భవన శిల్పి, నగర ప్రణాళికా నిపుణుడు. తమ్ముడు జార్జి (1874–1970) కార్ల తయారీలో ఇతనికి కుడిభుజంగా ఉండి, తరువాత కంపెనీ ప్రధాన రూపకర్త అయ్యాడు. మరొక సోదరుడు ఫ్రాంక్ అమ్మకాలు చూసుకునేవాడు. సోదరి ఎడిత్ సామ్యవాది, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన వ్యక్తి. వివాహం లేకుండా ఒక కార్మికునితో సహజీవనం చేయడానికి నిశ్చయించుకున్నందుకు 1895లో కుటుంబ సభ్యులు ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్పించడం ఆ రోజులలో పెద్ద సంచలనం కలిగించింది. ప్రజల నిరసన మధ్య కొద్ది రోజులకే ఆమె విడుదలయింది. హాలీవుడ్ నటి ఎల్సా లాంచెస్టర్ ఈమె కుమార్తె.

విద్య, తొలి ఉద్యోగాలు

లాంచెస్టర్ సౌతాంప్టన్‌లోని హార్ట్‌లీ సంస్థలో చదివి, ఉపకార వేతనంపై లండన్ కెన్సింగ్టన్‌లోని సైన్సు కళాశాలలో చేరాడు. అక్కడ యంత్రశాస్త్ర బోధన కొరతగా ఉండడంతో ఫిన్స్‌బరీ సాంకేతిక పాఠశాలలో సాయంకాలపు తరగతులకు హాజరయ్యేవాడు. చివరకు ఏ పట్టా పుచ్చుకోకుండానే చదువు ముగించాడు.

1888లో పేటెంటు కార్యాలయంలో నమూనాలు గీసే పనిలో కుదిరాడు. అక్కడ ఉండగానే, సమాన దూరంలో గీతలు గీయడానికి ఉపకరించే ఐసోమెట్రోగ్రాఫ్ అనే సాధనాన్ని రూపొందించాడు. 1889లో బర్మింగ్‌హామ్ నగరంలోని సాల్ట్‌లీలో ఉన్న ఫార్వర్డ్ గ్యాస్ ఇంజన్ కంపెనీలో సహాయ మేనేజరుగా చేరాడు. జీతం వారానికి ఒక పౌను మాత్రమే. ఉద్యోగి చేసే ప్రతి మెరుగుదలా కంపెనీ సొత్తు అవుతుందనే నిబంధన ఒప్పంద పత్రంలో ఉండగా, దానిని కొట్టివేసిన తరువాతనే ఇతడు సంతకం చేసాడు. ఆ తెగువ వృథా కాలేదు. ఇంజను వేగాన్ని నియంత్రించే లోలకపు గవర్నరును కనుగొని, కంపెనీ అమర్చే ప్రతి గవర్నరుకు పది షిల్లింగుల చొప్పున రాయల్టీ పొందాడు. గ్యాస్ ఇంజనును దానంతట అదే మొదలయ్యేలా చేసే సాధనానికి 1890లో పేటెంటు తీసుకొని, ఆ హక్కులను క్రాస్లీ కంపెనీకి మంచి మొత్తానికి విక్రయించాడు. 1893లో ఉద్యోగం వదిలి సొంత పరిశోధనలకు పూనుకోగా, ఇతని స్థానంలో జార్జి నియమితుడయ్యాడు.

మోటారు కార్ల నిర్మాణం

లాంచెస్టర్ 1895లో తన మొదటి కారు నిర్మాణం ప్రారంభించాడు. అది 1896 ఆరంభంలో రోడ్డెక్కింది. పూర్తిగా బ్రిటనులోనే రూపకల్పన చేసి, నిర్మించిన తొలి నాలుగు చక్రాల పెట్రోలు కార్లలో ఇది ఒకటి. ఆనాటి కార్లలో అధిక భాగం గుర్రపు బండికి ఇంజను తగిలించినట్లుండేవి. లాంచెస్టర్ మాత్రం ప్రతి భాగాన్నీ మొదటి నుండి ఆలోచించి రూపొందించాడు. అందులోని ఏక సిలిండరు ఇంజనులో రెండు క్రాంకులు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగేవి. అందువలన కుదుపు చాలావరకు తగ్గింది. అయితే ఇంజను శక్తి చాలకపోవడంతో 1897లో దాని స్థానంలో రెండు సిలిండర్ల 8 అశ్వశక్తి ఇంజనును అమర్చాడు. ఇతని రెండవ కారుకు 1899లో రిచ్‌మండ్‌లో జరిగిన మోటారు ప్రదర్శనలో బంగారు పతకం లభించింది.

1899 డిసెంబరులో లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడింది. బర్మింగ్‌హామ్‌లోని స్పార్క్‌బ్రూక్‌లో కర్మాగారం నెలకొల్పి, 1901 నుండి కార్ల అమ్మకం ప్రారంభించారు. రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్ వీరి తొలి ఖాతాదారులలో ఒకడు.

ఈ కర్మాగారంలో లాంచెస్టర్ పాటించిన పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ కాలంలో కార్ల భాగాలను పనివారు ఒక్కొక్కటిగా ఆకురాయితో రాచి, ఆ కారుకే సరిపడేట్లు కూర్చేవారు. ఒక కారు భాగం మరొక కారుకు సరిపడేది కాదు. లాంచెస్టర్ కచ్చితమైన కొలతల గేజీలు తయారు చేయించి, ఏ భాగమైనా ఏ కారుకైనా నేరుగా అమరేలా ఉత్పత్తి చేయించాడు. అరిగిన భాగాన్ని తీసి, గిడ్డంగిలోని కొత్త భాగాన్ని బిగించుకునే నేటి విడిభాగాల వ్యవస్థకు ఇదే పునాది.

సాంకేతికంగా ముందున్నా కంపెనీకి పెట్టుబడి చాలలేదు. 1904లో దివాలా స్థితికి చేరి, ఆ తరువాత లాంచెస్టర్ మోటార్ కంపెనీ పేరుతో పునర్వ్యవస్థీకరించబడింది. డైరెక్టర్లతో ఏర్పడిన విభేదాల వలన ఇతడు క్రమంగా కంపెనీకి దూరమయ్యాడు. 1909 ప్రాంతంలో డెయిమ్లర్ కంపెనీకి సాంకేతిక సలహాదారు అయ్యాడు. 1931లో లాంచెస్టర్ కంపెనీ డెయిమ్లర్ యాజమాన్య సంస్థ అయిన బి.ఎస్.ఏ. వశమైంది. 1950ల మధ్యలో లాంచెస్టర్ పేరుతో కార్ల తయారీ నిలిచిపోయింది.

ఇంజను ప్రకంపనలను తగ్గించడానికి పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగే రెండు ఇరుసుల ఏర్పాటును కూడా లాంచెస్టర్ కనుగొన్నాడు. ఈ పద్ధతిని 1970లలో జపానుకు చెందిన మిత్సుబిషి మెరుగుపరచి తిరిగి వాడుకలోకి తెచ్చింది. దానిని పోర్షే సంస్థ తన 944 కారుకు లైసెన్సుపై తీసుకొంది.

డిస్కు బ్రేకు

పేటెంటు

ఇంగ్లాండులో 1896 నవంబరు వరకు మోటారు వాహనాలు గంటకు 4 మైళ్ళకు మించి పోరాదనే చట్టం ఉండేది. ఆ సంవత్సరం పరిమితి 14 మైళ్ళకు, 1903 నాటి చట్టంతో 20 మైళ్ళకు పెరిగింది. అప్పటి కార్లలో ఇరుసుకు లేదా చక్రానికి బిగించిన డ్రమ్ము చుట్టూ పట్టీని బిగించడం, లేదా టైరుపై దిమ్మెను ఒత్తడం బ్రేకు పద్ధతులుగా ఉండేవి. వాహనం బరువు, వేగం పెరిగేకొద్దీ ఇవి చాలవని లాంచెస్టర్ గ్రహించాడు.

1902లో ఇతడు పేటెంటు పొందిన బ్రేకులో చక్రంతో పాటు తిరిగే పలుచని లోహపు పళ్ళెం (డిస్కు) ఉంటుంది. పటకారు దవడల వంటి అమరిక ఆ పళ్ళేన్ని అంచు దగ్గర ఇరువైపుల నుండి ఒత్తి పట్టుకుంటుంది. దవడలకు బిగించిన ప్యాడ్లు రాపిడితో చక్రాన్ని ఆపుతాయి. నేటి డిస్కు బ్రేకు మూలసూత్రం సరిగా ఇదే. పళ్ళెం గాలికి తెరుచుకొని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లోపలి దిమ్మెలకు దూరంగా జరుగుతుంది. డిస్కులో ఆ దోషం లేదు.

వైఫల్యానికి కారణాలు

లాంచెస్టర్ తన కార్లలో ఈ బ్రేకును వాడి చూసాడు. వాహనం ఆగేది గాని, ప్యాడుకు తగిన పదార్థం దొరకలేదు. అందుబాటులో ఉన్న వాటిలో రాగిని ఎంచుకున్నాడు. రాగి వేడిని తట్టుకుంటుంది, త్వరగా పంచుతుంది. అయితే లోహంపై లోహం రాసుకోవడం వలన చెవులు చిల్లులు పడేటంతటి కీచుధ్వని పుట్టేది. పైగా ఆనాటి రోడ్లు దుమ్ముతో నిండినవి. తెరుచుకొని ఉన్న డిస్కుపై పడిన ఇసుక, ధూళి మెత్తని రాగిని వేగంగా అరగదీసేవి. డిస్కును చల్లబరచే ఆ తెరపే దుమ్ముకు కూడా దారి ఇచ్చింది.

మరొక ఇబ్బంది బలానికి సంబంధించినది. డ్రమ్ము బ్రేకులో దిమ్మెను తిరిగే డ్రమ్మే తన వైపు లాక్కుంటుంది కాబట్టి డ్రైవరు శ్రమ తగ్గుతుంది. డిస్కుకు ఆ సౌలభ్యం లేదు, ప్యాడ్లను చాలా గట్టిగా ఒత్తవలసి ఉంటుంది. కడ్డీలు, తీగలతో పనిచేసే బ్రేకులకు అది కష్టసాధ్యం. ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులు 1921లో అమెరికాకు చెందిన డ్యూసెన్‌బర్గ్ కార్లతో మొదలై, ఆ తరువాతనే వ్యాపించాయి.

పదార్థం లభించిన విధం

ప్యాడు సమస్యకు పరిష్కారం మరొక ఆంగ్లేయుని ద్వారా వచ్చింది. డెర్బీషైరుకు చెందిన హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో గుర్రపు బండ్ల బ్రేకు దిమ్మెలతో ప్రయోగాలు ఆరంభించి, ఫెరోడో సంస్థను స్థాపించాడు. 1908 నుండి రాతినార (ఆస్బెస్టాస్)తో బ్రేకు లైనింగులు తయారు చేయనారంభించాడు. రాతినార వేడికి చెడదు, డ్రమ్మును గాని డిస్కును గాని కొరికివేయదు, అంతగా శబ్దం చేయదు. దాని ధూళి ఊపిరితిత్తుల వ్యాధులకు, క్యాన్సరుకు కారణమని తేలడంతో 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో పలు దేశాలు దానిని నిషేధించాయి. బ్రిటనులో సంపూర్ణ నిషేధం 1999లో వచ్చింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల చక్రాలకు డిస్కు బ్రేకులు వాడారు. ఆ అనుభవంతో డన్‌లప్ సంస్థ జాగ్వార్‌తో కలిసి పందెపు కార్లకు వాటిని అమర్చింది. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ నడిపిన జాగ్వార్ సి-టైప్ డిస్కు బ్రేకులతో గెలిచింది. 1953లో లె మాన్స్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సి-టైప్ విజయం సాధించింది. ఆ పందెంలో విజేత సగటు వేగం గంటకు 100 మైళ్ళు (161 కిలోమీటర్లు) దాటడం అదే మొదటిసారి. ప్రత్యర్థుల డ్రమ్ములు వేడెక్కి సడలుతుండగా, జాగ్వార్ డ్రైవర్లు మలుపుకు మరింత దగ్గర వరకు వేగం తగ్గించకుండా వెళ్ళగలిగారు. 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారుతో డిస్కు బ్రేకులు భారీ ఉత్పత్తి కార్లలోకి ప్రవేశించాయి.

నేటి వాహనాలలో డిస్కు, ప్యాడు ఎంపిక

లాంచెస్టర్ ఎదుర్కొన్న ప్రశ్నే అధిక వేగపు కార్లకు అరిగిన బ్రేకు భాగాలు మార్చే సమయంలో నేటికీ ఎదురవుతుంది. డిస్కు, ప్యాడు ఒక జంట. వీటిలో ఏ ఒక్కటి ఎంత మేలైనదైనా, రెండవది దానికి తగనిదైతే బ్రేకు విఫలమవుతుంది.

బ్రేకు చేసే పని వాహనపు గతిశక్తిని వేడిగా మార్చడం. గతిశక్తి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 1500 కిలోల కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుండి ఆపితే సుమారు 5.8 లక్షల జౌళ్ళ వేడి పుడుతుంది. 200 కిలోమీటర్ల నుండి ఆపితే అది నాలుగు రెట్లై, 23 లక్షలు దాటుతుంది. కనుక ఎంపికలో మొదట చూడవలసినది కారు ఎంత ఖరీదైనదని కాదు, దానిని ఎక్కడ, ఎలా నడుపుతారన్నది.

ప్యాడ్లు ప్రధానంగా మూడు రకాలు. సేంద్రియ రకం మెత్తనిది, శబ్దం తక్కువ, కాని అధిక వేడికి పట్టు సడలుతుంది. లోహపు పొడి, నారలు ఎక్కువగా కలిపిన అర్ధలోహ రకం వేడికి బాగా తట్టుకుంటుంది, కాని శబ్దం, ధూళి ఎక్కువ, డిస్కును త్వరగా అరగదీస్తుంది. సిరామిక్ రకం నిశ్శబ్దంగా, తక్కువ ధూళితో పనిచేస్తుంది. రోజువారీ ప్రయాణానికి ఇది అనుకూలమైనా, పందెపు బాటలోని వేడికి ఈ రకంలో చాలా ప్యాడ్లు ఆగవు. పందేల కొరకు తయారైన ప్యాడ్లు బాగా వేడెక్కిన తరువాతనే పూర్తి పట్టునిస్తాయి. చల్లని ఉదయం ఊరి రోడ్డుపై మొదటిసారి బ్రేకు తొక్కినపుడు అవి మామూలు ప్యాడ్ల కంటె బలహీనంగా ఉండవచ్చు. ఇల్లు, పందెపు బాట రెండింటికీ ఒకే ప్యాడు చాలునని భావించడం ప్రమాదకరం. అందువలన కొందరు రెండు జతలు ఉంచుకొని మార్చుకుంటారు.

డిస్కులు అధికంగా పోత ఇనుముతో తయారవుతాయి. రెండు పలకల మధ్య గాలి ఆడేలా చేసిన డిస్కులు ఎక్కువ వేడిని భరిస్తాయి. గాడులున్న డిస్కులు ప్యాడు ఉపరితలాన్ని శుభ్రపరుస్తాయి గాని ప్యాడు కొంత త్వరగా అరుగుతుంది. రంధ్రాలున్నవి చూడడానికి ఆకర్షణీయంగా ఉన్నా, తీవ్రమైన వాడకంలో రంధ్రాల చుట్టూ పగుళ్ళు రావచ్చు. ప్రతి డిస్కుకు కనీస మందం నిర్ణయించబడి ఉంటుంది, సాధారణంగా అది డిస్కుపైననే ముద్రించబడుతుంది. అంతకంటె పలుచబడినదానిని మార్చి తీరాలి. ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాలకూ డిస్కులు, ప్యాడ్లు ఒకేసారి మార్చడం నియమం. లేనిచో బ్రేకు తొక్కినపుడు కారు ఒక ప్రక్కకు లాగుతుంది.

కొత్త ప్యాడ్లు బిగించిన తరువాత తయారీదారు చెప్పిన పద్ధతిలో మెల్లగా మొదలుపెట్టి పలుమార్లు వేగం తగ్గిస్తూ, డిస్కుపై ప్యాడు పదార్థం సమంగా పరచుకునేలా చేస్తారు. ఇది జరగనిదే జంట కుదిరినట్లు కాదు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు 90వ నియమావళి ప్రకారం, మార్పిడి ప్యాడ్ల పనితీరు అసలు ప్యాడ్ల పనితీరుకు 15 శాతం ఇటు అటుగా ఉండాలి. తక్కువ పట్టు వలె అతిగా పట్టు కూడా లోపమే. ముందు చక్రాలకు మాత్రమే అధిక పట్టున్న ప్యాడ్లు వేస్తే, ముందు వెనుకల సమతౌల్యం చెడుతుంది.

లాంచెస్టర్ ఎంచుకున్న రాగి ప్యాడ్ల నుండి పూర్తిగా తొలగిపోలేదు. వేడిని పంచే గుణం కోసం దాని పొడిని, నారలను దశాబ్దాల పాటు ప్యాడు మిశ్రమంలో కలిపారు. ఆ ధూళి వాననీటితో వాగులలో చేరి చేపలకు హాని చేస్తుందని తెలియడంతో, అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో ప్యాడ్లలో రాగిని పరిమితం చేస్తూ చట్టాలు చేసాయి. కాలిఫోర్నియాలో 2025 నుండి ఆ పరిమితి అర శాతానికి తగ్గింది.

వాయుగతిశాస్త్రం, యుద్ధ గణితం

విమానం ఇంకా ఎగరని రోజులలోనే, 1892 ప్రాంతంలో, లాంచెస్టర్ పక్షుల ఎగురుటను, రెక్కల చుట్టూ గాలి ప్రవాహాన్ని పరిశీలించనారంభించాడు. 1897లో సమర్పించిన పరిశోధన పత్రాన్ని శాస్త్ర సంఘాలు తిరస్కరించాయి. పట్టు విడువక 1907లో ఏరోడైనమిక్స్, 1908లో ఏరోడోనెటిక్స్ అనే రెండు గ్రంథాలు వెలువరించాడు. రెక్క కొనల వద్ద గాలి సుడులు ఏర్పడి వెనుకకు సాగిపోతాయనే ఇతని భావన తరువాత జర్మనీ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాంట్ల్ చేతిలో గణిత రూపం దాల్చింది. 1909లో బ్రిటిషు ప్రభుత్వం ఏర్పరచిన విమానయాన సలహా సంఘంలో లాంచెస్టర్ సభ్యుడయ్యాడు.

1916లో ప్రచురించిన యుద్ధంలో విమానాలకు సంబంధించిన గ్రంథంలో, ఆధునిక ఆయుధాలతో తలపడే సేనల బలం వాటి సంఖ్య వర్గానికి అనులోమంగా ఉంటుందని గణితంతో నిరూపించాడు. దీనిని లాంచెస్టర్ వర్గ సూత్రం అంటారు. ఆపరేషన్స్ రీసెర్చి శాస్త్రానికి ఇది తొలి మెట్లలో ఒకటి. ఆ శాస్త్రంలో ఉత్తమ రచనకు ఇచ్చే బహుమతికి అమెరికాలో ఇతని పేరు పెట్టారు.

భారతదేశంతో సంబంధం

అన్న హెన్రీ వాన్ లాంచెస్టర్ ద్వారా ఈ కుటుంబానికి భారతదేశంతో సంబంధం ఏర్పడింది. రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ ఉమేద్ భవన్ రాజప్రాసాదానికి రూపకర్త ఆయనే. తెలుగు జిల్లాలు అంతర్భాగంగా ఉన్న నాటి రాష్ట్రానికి రాజధాని అయిన మద్రాసు నగర ప్రణాళికపై ఆయన రచించిన గ్రంథం 1918లో వెలువడింది. నవానగర్, ఆల్వార్ సంస్థానాధీశులు లాంచెస్టర్ కార్లను ఎంతో మక్కువతో కొనుగోలు చేసారు.

వ్యక్తిగత జీవితం, చివరి దశ

లాంచెస్టర్ 1919లో డొరోతియా కూపర్‌ను వివాహమాడాడు. వీరికి సంతానం లేదు. బర్మింగ్‌హామ్‌లోని మోజ్‌లీలో డయాట్ ఎండ్ అనే ఇంటిని తానే రూపొందించుకొని, 1920ల నుండి అక్కడే నివసించాడు. సంగీతాభిమాని, మంచి గాయకుడు. మారుపేరుతో కవిత్వం కూడా ప్రచురించాడు. 1925లో లాంచెస్టర్ లేబొరేటరీస్ సంస్థను స్థాపించి లౌడ్ స్పీకర్లపై పరిశోధనలు చేసాడు.

డెయిమ్లర్‌తో ఒప్పందం ముగిసిన తరువాత ఇతని ఆదాయం క్షీణించింది. 1934లో అనారోగ్యం వలన పరిశోధనశాలను మూసివేయవలసి వచ్చింది. పార్కిన్సన్ వ్యాధి, చూపు మందగించడం ఇతనిని కృశింపజేసాయి. ఇతని ఆవిష్కరణల వలన పలు కంపెనీలు లాభపడినా, ఇతడు మాత్రం చివరి సంవత్సరాలలో ఇతరుల ఆర్థిక సహాయంపై ఆధారపడవలసి వచ్చింది. 1946 మార్చి 8న సొంత ఇంటిలోనే మరణించాడు. డిస్కు బ్రేకు కారుపై విజయవంతం కావడం ఇతడు చూడలేదు.

గౌరవాలు

1922లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1926లో రాయల్ ఏరోనాటికల్ సొసైటీ బంగారు పతకం, 1931లో డేనియల్ గుగ్గెన్‌హైం పతకం, 1945లో జేమ్స్ వాట్ అంతర్జాతీయ పతకం ఇతనికి లభించాయి. కోవెంట్రీలో 1970లో ఏర్పడిన పాలిటెక్నిక్‌కు లాంచెస్టర్ పేరు పెట్టారు. అదే తరువాత కోవెంట్రీ విశ్వవిద్యాలయమైంది. అక్కడి గ్రంథాలయం ఇతని పేరును నిలుపుకొంది. మొదటి కారు నిర్మాణానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా 1995లో బర్మింగ్‌హామ్‌లో ఆ కారు రూపంలో ఒక స్మారక శిల్పాన్ని నెలకొల్పారు.